వరండా గచ్చు పగిలిందా? టైల్స్ వేయించే ముందు ఇది చెక్ చేసుకోండి..

ఇంటి ముందు వరండా గచ్చు పగిలితే చాలామంది చేసే మొదటి పని.. పైన సిమెంట్ పాలు పోయించడం. కొన్నాళ్లకే అది పెచ్చులుగా లేచిపోతుంది. పాత గచ్చుకి కొత్త సిమెంట్ ఊరికే అతుక్కోదు మరి!

ముందు పగులు పెరుగుతోందా లేదా చూడాలి. రెండు చివర్లా పెన్సిల్‌తో గీత పెట్టి, పక్కనే తేదీ రాయండి. కొన్ని వారాల్లో పగులు గీత దాటినా, ఒకవైపు గచ్చు కుంగినా కింద మట్టి కదులుతున్నట్టే. నల్లరేగడి నేలల్లో ఇది మామూలే. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. అలాంటప్పుడు పైన ఏం వేయించినా డబ్బు దండగ. ముందు వాన నీళ్లు గోడ పక్కన నిలవకుండా దారి చేయాలి.

పగులు పెరగకపోతే పని సులువు. ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము పోయేలా కడగాలి. సుత్తితో తడితే డొల్ల శబ్దం వచ్చిన చోట పాత గచ్చు తీసేయాల్సిందే. తడి ఆరకముందే ఎస్‌బీఆర్ లేటెక్స్ కలిపిన సిమెంట్ పాలు బ్రష్‌తో పూసి, అది పచ్చిగా ఉండగానే మాల్ నింపాలి. సిమెంట్ ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు. తర్వాత 7 రోజులు తడి గోనెపట్టాలు కప్పాలి. చాలాచోట్ల వదిలేసేది ఇదే, మళ్లీ పగుళ్లు వచ్చేదీ ఇందుకే.

పైన ఫినిషింగ్‌కి రెడ్ ఆక్సైడ్ వేయించొచ్చు. సామాను ఖర్చు తక్కువే కానీ, బాగా రుద్దే మేస్త్రీ దొరకాలి. మెట్ల దగ్గర మాత్రం మరీ నున్నగా వద్దు, వానకి తడిస్తే పెద్దవాళ్లు జారిపడతారు.