చెవితో చేసే లెక్క

1980లో మా హోసూరులో టి.వి.ఎస్. 50 తయారీ మొదలైంది. మా నాన్నగారు కొన్న బండి ఇంకా మా వసారాలో ఉంది. వారమంతా బ్యాంకులో జమాఖర్చులు చూసే నాకు ఆదివారం దాని గాలి, పెట్రోలు జమాఖర్చే కాలక్షేపం.

ఒకసారి ఒక మెకానిక్ "మైలేజీ పెంచుతాను సార్" అని కార్బ్యురేటర్‌లో చిన్న జెట్ వేశాడు. నేనూ సంబరపడ్డాను. రెండో వారంలోనే బాగలూరు రోడ్డులో ఇంజను పట్టేసింది. టూ స్ట్రోక్ ఇంజనుకు ఆయిల్ పెట్రోలుతో కలిసే అందుతుంది. పెట్రోలు బిగించానంటే ఆయిలూ బిగించినట్టే! మిగిలిన పెట్రోలు డబ్బు కొత్త పిస్టనుకు ఏ మూలకూ రాలేదు.

అప్పటినుంచి ఆ పని నాదే. ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, బండిని పది నిమిషాలు నడిపి వేడెక్కించండి. గాలి స్క్రూ ఉన్న కార్బ్యురేటర్ అయితే ఆ స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి (బలం చూపిస్తే మొన పాడవుతుంది), ఒకటిన్నర చుట్లు వదలండి. ఇంజను నడుస్తుండగా పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ వినండి. అన్నిటికంటే హుషారుగా పలికిన చోట ఆపి, ఐడ్లింగ్ స్క్రూతో వేగం తగ్గించండి. ఇదంతా నెమ్మది వేగానికే. పూర్తి వేగంలో పెత్తనం మెయిన్ జెట్‌ది. దాని రంధ్రాన్ని తీగతో పొడవకండి, పెద్దదవుతుంది.

కాస్త దూరం నడిపాక ప్లగ్ విప్పండి. కాఫీపొడి రంగు మంచిది. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లబడిందా, ఇక నడపకండి.

2020లో బి.ఎస్. 6 వచ్చాక కొత్త మోపెడ్లకు ఈ తిప్పుళ్ళు లేవు. అయినా మొన్న మా అమ్మాయి పక్కన కూర్చుని, "ఇంకో పావు చుట్టు నాన్నా" అంది. తిప్పి చూశాను, సరిపోయింది.