మీకు తెలుసా? ఐస్‌క్రీమ్ మానేసి అయిదుసార్లు విజేత!

రకరకాల వ్యాయామాల్లో దేహదారుఢ్యాన్ని పరీక్షించే క్రాస్‌ఫిట్ గేమ్స్‌లో 2016 నుంచి 2020 దాకా వరుసగా అయిదు టైటిళ్లు గెలిచిన అమెరికన్ మ్యాట్ ఫ్రేజర్, అంతకుముందు రోజూ రాత్రి ఐస్‌క్రీమ్ డబ్బా ఖాళీ చేసేవాడు!

'ఇంత కష్టపడుతున్నాను, ఏం తింటే ఏమవుతుంది?' అన్నది అప్పట్లో అతడి ధీమా. 2015లో గెలుపు ఖాయమనుకున్న పోటీ చేజారి, వరుసగా రెండో ఏడాదీ రెండో స్థానమే మిగిలింది. అక్కడితో తీపికి స్వస్తి చెప్పి, తిండినీ నిద్రనూ సాధనలో భాగం చేసుకున్నాడు.

ఆ ఏడాది అతడిని దెబ్బతీసింది 'పిగ్' అనే దిమ్మె. బరువు దాదాపు 250 కిలోలు. దాన్ని కిందినుంచి రెండు చేతులతో ఎత్తి, పల్టీ కొట్టించాలి. ఫ్రేజర్ అలాంటిదే కొనుక్కుని సాధన చేశాడు. వచ్చిన విద్యను పక్కనపెట్టి, రానివాటికే ఎక్కువ సమయం ఇచ్చాడు.

ఇంకో విశేషం: క్రాస్‌ఫిట్‌కు రాకముందు, వెయిట్‌లిఫ్టర్‌గా ఉన్న రోజుల్లోనే అతడి వెన్నెముక విరిగి శస్త్రచికిత్స జరిగింది.

2020లో రెండో స్థానంలో నిలిచిన ఆటగాడి కంటే అతడికి 545 పాయింట్లు ఎక్కువ వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో విజేతగానే రిటైరయ్యాడు.