ముత్తాత ఊరు... ఓడ జాబితాలో!

తాత పేరు చెప్పమంటే టక్కున చెబుతాం. ముత్తాత పేరు? కాస్త తడుముకుంటాం. భూములున్న ఇళ్లలో పాత దస్తావేజులైనా ఉంటాయి. కూలికి వెళ్లి బతికినవాళ్ల పేర్లు ఎవరు రాసిపెట్టారు? సముద్రం దాటివెళ్లిన కూలీలవి మాత్రం పూసగుచ్చినట్టు రాశారు!

1860 అక్టోబరులో మద్రాసులో బయల్దేరిన ‘ట్రూరో’ ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి మనవాళ్ల ప్రయాణం అలా మొదలైంది. 1911 దాకా 1,52,184 మంది వెళ్లారు. అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లూ వారిలో ఉన్నారు. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు... ఆఖరికి ఒంటిమీది మచ్చలు కూడా! మనిషిని గుర్తుపట్టడానికి రాసుకున్న ఆ వివరాలే ఇప్పుడు మునిమనవలకు పెన్నిధి.

నంబరుంటే సగం పని అయినట్టే

ఒకే పేరుతో ఎందరో ఉంటారు. అందుకే ఇంట్లోని పాత పెళ్లి, మరణ పత్రాల్లో ఆ నంబరు ఉందేమో ముందు చూడాలి. దాంతో ఓడ జాబితా వెతకడం తేలిక. మారిషస్ వెళ్లినవారి రికార్డులు అక్కడి మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

ఏ గంజాం?

అసలు చిక్కు ఊరి దగ్గరే. నరసన్నపేట ప్రాంతం అప్పట్లో గంజాం జిల్లాలోది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖ జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. గంజాం పేరు మాత్రం ఒడిశాకి వెళ్లిపోయింది. ఈ సంగతి తెలియకపోతే నరసన్నపేట చుట్టుపక్కల ఊరి కోసం ఒడిశాలో తిరగాల్సిందే! ‘చికాకోల్’ అని ఉంటే అది శ్రీకాకుళమే. గుమాస్తాలు ఊళ్ల పేర్లు చెవికి వినిపించినట్టు ఆంగ్లంలో రాశారు. కాబట్టి వాటిని పైకి చదువుకుంటూ పాత తాలూకా పటంతో పోల్చుకోవాలి. ఇక్కడ ‘పేట’లూ, ‘వలస’లూ బోలెడు. తాలూకా పేరు కుదిరితేనే అసలు ఊరు తేలుతుంది.

ఇంటిపేరు మన దగ్గరే

ఆ జాబితాలో ఇంటిపేరుకు గడి లేదు. అక్కడ చాలామందికి ‘నాయుడు’లాంటి కులం పేరే ఇంటిపేరైపోయింది. అసలు ఇంటిపేరు చెప్పగలిగేది ఇక్కడ ఉండిపోయిన చుట్టాలే. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ‘ఫలానా తాత ఓడెక్కి మరి రాలేదు’ అంటుంటే ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంటిపేరు ఇవాళే రాసిపెట్టండి. అక్కడి కాగితం మీదున్న పేరు ఈ గడపలోనిదేనని ఏదో ఒకరోజు తేలవచ్చు.