నీడను నిలబెట్టిన గురువు

మా నాతవరము చుట్టుపట్ల పెద్ద కూడలి యేది చూచినను, సిమెంటుతో పోసి రంగులు పూసిన అల్లూరి సీతారామరాజు విగ్రహ మొకటి కంటబడుట సాధారణము. కాషాయవస్త్రము, నల్లని గడ్డము, వీపున అమ్ములపొది, చేత విల్లు, వీనిలో నేదియొకటి లోపించినను ఊరివారు శిల్పిని క్షమింపరు. మీసపు మెలిక దగ్గర చెయ్యి కొంచెము తడబడినను, ఆవిష్కరణనాడే ‘ఇది రాజుగారి పోలిక కాదు’ అని పెదవి విరుతురు. మనకు విగ్రహమనగా పోలిక. పోలిక యనగా వివరము. బొట్టు పెట్టుటకును దండ వేయుటకును వీలైన ముఖము, మెడ. ఇట్టి విగ్రహముల నడుమ పెరిగిన కన్నులతో, నికరాగువా దేశపు రాజధానియైన మనాగువాలో తిస్కాపా గుట్టపై నిలిచిన సాందినో శిల్పపు ఛాయాచిత్రమును తొలిసారి చూచినపుడు నాకు కలిగినది ఆశ్చర్యము కాదు, అనుమానము: శిల్పి పనిని నడుమ విడిచి వెళ్లినాడా?

ముఖము లేదు. కన్నులు లేవు. చొక్కాకు గుండీలు లేవు. దాదాపు 18 మీటర్ల యెత్తున, ఉక్కుతో చేసి నల్లరంగు పూసి నిలబెట్టిన ఒక నీడ: వెడల్పాటి అంచుగల టోపీ, దాని క్రింద నిటారుగా నిలిచిన దేహము, అంతే. దిగువనున్న పట్టణమునుండి తల యెత్తి చూచువారికి, ఆకాశమును ఎవ్వరో కత్తెరతో కత్తిరించి తీసివేసినట్లు ఆ నల్లని ఖాళీ కనబడును. ఆ దేశపు పిల్లవాని కైనను ఎవరిదో గుర్తించుటకు ఆ టోపీ అంచొక్కటియే చాలును. 1990లో ఈ నీడను నిలబెట్టిన శిల్పి ఎర్నెస్తో కార్దెనాల్. ఆయన కవి, ఒకప్పటి మంత్రి, అన్నిటికంటె ముందు కథోలిక గురువు. అయితే పూజాబలి సమర్పించు అధికారమును రోము పీఠము ఆయననుండి తీసివేసి అప్పటికే ఐదారేండ్లు గడచియుండెను.

ఆ గుట్ట నెన్నుకొనుటలోనే సగము శిల్పమున్నది. ఔగుస్తో సెసార్ సాందినో 1927 మొదలు 1933 వరకు సెగోవియా కొండలలో అమెరికా సైనికులను ముప్పుతిప్పలు పెట్టిన వీరుడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి తుపాకులు పట్టుకుపోయిన కథను వినుచు పెరిగిన మన్యపు అంచువారికి, ఆ కొండల యుద్ధ మెట్టిదో వేరుగా బోధింప నక్కరలేదు. మన రాజుగారు 1924 మే 7న కొయ్యూరు దగ్గర తుపాకి గుండ్లకు బలియైరి. సాందినోను ఆపై పదేండ్లకు, 1934 ఫిబ్రవరి 21 రాత్రి, శాంతిసంధి కుదిరిన పిమ్మట, తిస్కాపా గుట్టమీది అధ్యక్షభవనములో విందారగించి దిగివచ్చుచుండగా, సొమోసా సేనాని మనుష్యులు పట్టుకొని కాల్చి చంపిరి. రాజుగారి సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. పోయి దండము పెట్టి రావచ్చును. సాందినో దేహము నేటికిని దొరకలేదు. దేహము దొరకని వానికి నీడను మించిన ప్రతిమ లేదని నాకు తోచును.

కార్దెనాల్ 1925 జనవరి 20న గ్రనాదా పట్టణమున కలిగిన కుటుంబములో పుట్టెను. మెక్సికోలోను, న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయములోను సాహిత్యము చదివెను, యూరపు తిరిగెను, స్వదేశమునకు వచ్చి 1954 ఏప్రిలులో సొమోసా నియంతృత్వముపై జరిగి విఫలమైన తిరుగుబాటులో చేయి కలిపెను. ఇంతవరకు ఇది ఆ ఖండమున చదువుకొన్న ధనికయువకుల యందనేకుల కథయే. 1956లో మనస్సు దైవమువైపు తిరిగి, మరుసటి యేట, ముప్పదిరెండేండ్ల ప్రాయమున, ఆయన అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున జెత్సెమని యను ట్రాపిస్టు మఠమున చేరుటతో కథ వేరు దారి పట్టినది.

ట్రాపిస్టులు మౌనవ్రతులు. వేకువకు ముందే లేచుట, ప్రార్థన, పొలముపని, మరల ప్రార్థన, మాటయవసరమైనచోట చేతిసైగ. అట్టిచోట నవశిష్యులకు గురువుగా నుండినవాడు థామస్ మెర్టన్, ఆనాటికే గ్రంథకర్తగా లోకప్రసిద్ధుడు. కవియైన కార్దెనాలునకు అచ్చట కవిత్వము వ్రాయుట నిషిద్ధము. మట్టితో బొమ్మలు చేయుట మాత్రము నిషిద్ధము కాదు. పలుకు కట్టువడిన మనిషికి చేతులు మిగిలినవి. ఆయన శిల్పమునందలి పొదుపునకు కారణమేమని విమర్శకులు ఆధునిక యూరపు శిల్పుల పేర్లు కొందరివి చెప్పవచ్చును గాని, నామట్టుకు నేను ఆ కెంటకీ మౌనమునే పేర్కొందును: మాటాడకుండ అన్నము వడ్డింపుమని అడుగనేర్చినవాడు, కన్ను చెక్కకుండ చూపును చెక్కనేర్చుట వింతగాదు. ప్రసంగవశమున నొకమాట. 1968లో ప్రాచ్యదేశయాత్రకు వచ్చిన మెర్టన్ మద్రాసులో దిగి, మహాబలిపురము చూచి, సింహళమునకు పోయి పొలొన్నరువలోని శిలాబుద్ధుల యెదుట నిశ్చేష్టుడై నిలిచి, కొన్నాళ్లకే డిసెంబరు 10న బ్యాంకాకులో హఠాత్తుగా మరణించెను. శిష్యుడు మట్టిలో వెదకిన శాంతిని గురువు మన తీరపు రాళ్లలో చూచి కన్నుమూసినట్లయినది.

ఆరోగ్యము చెడుటచే 1959లో కార్దెనాల్ ఆ మఠమును వీడెను; మెక్సికోలో మరియొక మఠమున కొంతకాలముండి, కొలంబియాలో వేదాంతవిద్య ముగించి, 1965లో నలువదేండ్ల వయస్సున గురుపట్టము పొందెను. మరుసటి యేడు నికరాగువా సరస్సు దక్షిణభాగమునందలి సొలెంతినామే ద్వీపసమూహమున కేగి, మన్‌కర్రోన్ అను ద్వీపమున చిన్న ఆశ్రమము స్థాపించెను. బెస్తలు, చిన్న రైతులు. బడిలేదు, వైద్యుడు లేడు. ఆదివారము పడవలపై వచ్చి గుడిలో కూర్చుందురు. గురువు సువిశేషము చదివి ప్రసంగము చేయుట ఆచారము గదా. ఈయన ప్రసంగము మానివేసి, చదివిన భాగముపై వారినే మాటాడుమనెను. హేరోదు రాజనగా వారికి సొమోసాయే. పసిబిడ్డతో ఐగుప్తునకు పారిపోయిన యోసేపు, సరిహద్దు దాటిన తమ పొరుగువాడే. ఆ మాటలన్నియు చేర్చి ‘సొలెంతినామేలో సువిశేషము’ అను గ్రంథముగా 1975 ప్రాంతమున వెలువరించినపుడు, ప్రపంచమున వేదపండితులు సయితము దానిని తలవంచి చదివిరి.

అయితే నాకు ఆ గ్రంథముకన్న ఆ గుడి గోడ లెక్కువ ప్రియము. మన తెలుగునేలపై కథోలిక క్షేత్రమనగానే మనస్సునకు వచ్చునది 1924లో ఆర్లాటి గురువులు గుణదల కొండపై నెలకొల్పిన లూర్దుమాత స్వరూపము వంటిది: తెల్లని మేలిముసుగు, నీలపు నడికట్టు, పరదేశము పంపిన సౌందర్యము. దానిని తెలుగుజనులు చీరలతో, కొబ్బరికాయలతో, తలనీలాలతో తమదిగా చేసికొనిరి. అది వేరు కథ. కార్దెనాల్ తన గుడి గోడలను ఖాళీగా తెల్లగా నుంచి, వానిపై ద్వీపవాసుల బిడ్డల చేతిగీతలను వేయించెను: పడవ, చేప, ఇల్లు, పిట్ట. యూరపు తిరిగి వచ్చిన మనిషి తన బలిపీఠపు చుట్టుప్రక్కల పిల్లవ్రాతకు చోటిచ్చుట వినయము కాదు, అభిరుచి.

పల్లెవాండ్రు సొరకాయబుర్రలపై చెక్కు నగిషీని చూచి ఆయనకు వారి చేతివాటము తెలిసినది. రాజధానినుండి వచ్చిన రోజెర్ పేరెస్ దె లా రోచా అను యువచిత్రకారుడు రంగులు, కుంచెలు వారి చేతికిచ్చెను; కొలదియేండ్లలో ఆ బెస్తపల్లె చిత్రములు విదేశములకు పోవసాగెను. తేలికయైన బల్సా కర్రతో చేపలు, చిలుకలు చెక్కి రంగులు వేయుట ఇప్పటికిని ఆ ద్వీపములలో జీవనోపాధి. మా ప్రక్కన వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణెకు బిగించి త్రిప్పుచు, లక్కకడ్డీ తాకించి ఆ వేడికే రంగు కరిగి పట్టునట్లు చేయు బొమ్మలపనివారిని చూచినవానికి, సొలెంతినామే దూరదేశము కాదు. ఏటికొప్పాక బొమ్మలకును కన్నుముక్కులు నామమాత్రమే. తరిణె తిరుగుడు ఇచ్చిన గుండ్రదనమే వాని యందము. మెచ్చుకొనుటకు మనకు తీరిక లేదుగాని, పోలికను వదలి రూపమును పట్టుకొను విద్య మన పొరుగూరనే యున్నది.

కార్దెనాల్ స్వయముగా చేసిన శిల్పములు చిన్నవి, ఆర్భాటములేనివి: కొంగలు, చేపలు, జెముడు మొక్కలు. కొన్ని కర్రతో, కొన్ని లోహముతో; పైన తరచుగా ఒకే రంగు. వానిలో కొంగ నాకు మనసైనది. తెల్లని నిలువుగీత; పైన ఒక వంపు; ఆ వంపుకొస ముక్కు. ఈకలు లేవు, కన్ను లేదు, కాలివ్రేళ్లు లేవు; అయినను అది చేపకై కాచుకొన్న కొంగయని తెలియుటకు క్షణము పట్టదు. తాండవ జలాశయపు అంచున తెల్లవారుజామున ఇట్టివి పదులుగా నిలిచియుండును. మన భాష ఈ పక్షికి గొప్ప అన్యాయము చేసినది: కదలక నిలిచెనుగదా యని దాని నిలుకడను ‘కొంగజపము’ అని పేరుపెట్టి కపటసన్యాసుల కంటగట్టినాము. మఠములో మౌనమభ్యసించిన ఈ గురువు చేతిలో ఆ జపము నిజమైన జపమే. ఆకలిగొన్నది కదలక నిలిచినంత మాత్రమున దాని ధ్యానము దొంగదగునా?

రాజకీయమును గూర్చి త్వరగా చెప్పెదను. ఆయన జీవితమున అది చాలినంత గొంతెత్తి చెప్పుకొన్నది. 1977 అక్టోబరులో సొలెంతినామే యువకులు సాన్ కార్లోస్ సైనికస్థావరముపై దాడిచేసిరి. సొమోసా సేనలు ఆశ్రమమును నేలమట్టము చేసినవి. గురువు కోస్తారికాకు ప్రవాసమేగెను. 1979 జూలై 19న విప్లవము గెలిచి, ఆయన సాంస్కృతిక మంత్రియయ్యెను. ఆయన తమ్ముడు, యేసుసభ గురువైన ఫెర్నాందో, 1980లో జాతీయ అక్షరాస్యతోద్యమమును నడిపెను. 1983 మార్చి 4న పాపుగారు రెండవ జాన్ పాల్ మనాగువా విమానాశ్రయమున దిగినపుడు, మంత్రుల వరుసలో నల్లటోపీ తీసి చేతబట్టి మోకరిల్లిన ఈ నెరసిన గడ్డపు గురువువైపు వ్రేలు చూపి, శ్రీసభతో నీ వ్యవహారము సరిదిద్దుకొమ్మని మందలించిన దృశ్యము లోకమంతయు చూచినది. ఆ మరుసటి యేడు గురుత్వాధికారములు నిలుపబడినవి. ఆయన వాదింపలేదు, పూజ చేయుట మానినాడు, ఉలి మానలేదు.

ఇక్కడ నాకొక అభియోగము కలదు. కవిగా కార్దెనాల్ పొదుపరి కాడు. 1989 నాటి ‘విశ్వగీతి’ యను మహాకావ్యము నక్షత్రముల పుట్టుక మొదలు నియంతల బ్యాంకుఖాతాల వరకు దేనిని విడువక వందలకొలది పుటలు ప్రవహించినది. అందులో మహాద్భుతములైన చోట్లున్నవి, విసుగు పుట్టించు చోట్లును దండిగా నున్నవి. ఆ చేయియే మరుసటి సంవత్సరము తిస్కాపాపై ఆ మూగనీడను నిలిపినది. ఒకే మనిషి కాగితముపై సర్వమును చేర్చుకొనుచు, లోహములో సర్వమును త్యజించుచు వచ్చెను. కవిత్వమునకై 2012లో స్పెయిన్ రాణి సోఫియా పేరిటి పురస్కారము వచ్చినది. నిలుచునది మాత్రము నీడయేయని నా పందెము.

తాను కొలిచిన విప్లవపక్షపు నాయకత్వము నిరంకుశమైనదని చెప్పి 1994లో ఆయన ఆ పక్షమును విడిచెను. అటుపై పాతమిత్రుడు దానియేల్ ఓర్తేగా ప్రభుత్వమునకు శత్రువయ్యెను. 2019 ఫిబ్రవరిలో, ఆయన ఆసుపత్రిపడకపై నుండగా, పాపు ఫ్రాన్సిస్ ఆ మూడు దశాబ్దుల నిషేధమును ఎత్తివేసిరి. పాపుగారి ప్రతినిధి మంచముచెంతనే ఆయనతో కలిసి బలిపూజ నర్పించెను. 2020 మార్చి 1న, తొంబదియైదవ యేట, మరణము.

మూడవనాడు మనాగువా ప్రధానదేవాలయమున అంత్యపూజ జరుగుచుండగా, ఎరుపు నలుపు కండువాలు కట్టిన ప్రభుత్వపక్షపు మూక లోనికి చొచ్చి ‘ద్రోహి’ యని అరచుచు శవపేటికవద్ద అల్లరి చేసినది. ఆ పక్షము సాందినో పేరు పెట్టుకొన్నది. గుట్టమీద వారు నిత్యము తలయెత్తి చూచు సాందినోను అక్కడ నిలబెట్టినవి ఆ పేటికలోని చేతులు. భస్మమును సరస్సు దాటించి సొలెంతినామేకు గొనిపోయి, పిల్లలు పడవలు పిట్టలు గీసిన ఆ గుడి చెంత పూడ్చిరి.