కలంకారీ నేర్పు దంపతులు

నేటి ప్రసంగమునకు విషయము కలంకారీ. అయితే నేను చెప్పబోవునది దేవాలయములలో వ్రేలాడగట్టు పెద్ద తెరలను గూర్చి కాదు. ఉద్యోగము విరమించి యింట గూర్చున్న ఒక భర్తయు, ఇంటిపని తీరిన పిమ్మట కలము పట్టు నతని భార్యయు, తమ తీరికవేళల వినోదమును పదిమందికి చేతులార నేర్పు పనిశాలగా మార్చుకొన్న విధమును, అందలి కష్టసుఖములను వివరింపదలచితిని. వారు శ్రీకాళహస్తికి సమీపమున స్వర్ణముఖీ తీరమునందలి యొక పల్లెవారు. తమ పేర్లు చెప్పవలదని కోరిరి గనుక చెప్పను. ఈ సంగతి గ్రామపెద్దలకేల యని మీరడుగవచ్చును. వారి పని నిలుచుటయు నిలువకపోవుటయు తుదకు ఏటినీటిపై నాధారపడియున్నది. ఆ నీటిని గూర్చి మాట చెప్పవలసినవారు మీవంటి పెద్దలే గదా!

కలమనునది మనకు పారసీకభాష నుండి వచ్చిన మాట. కారి యనగా పని. ఆ పేరు ప్రబలకముందు కాళహస్తి ప్రాంతమున దీనిని వ్రాతపని యనెడివారు. నాకు ఆ పేరే యింపుగా నుండును. మచిలీపట్టణము, పెడన ప్రాంతములలో కొయ్య అచ్చులతో అద్దుదురు. కాళహస్తిలో చేతికలముతో వ్రాయుదురు. ఒకప్పుడు ఈ వ్రాతపని క్షీణదశకు రాగా, కమలాదేవీ చటోపాధ్యాయగారి పూనికచే 1957లో శ్రీకాళహస్తియందు శిక్షణకేంద్ర మేర్పడినది. ఈ విద్యలో పేరెన్నికగన్న జొన్నలగడ్డ గుఱ్ఱప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ బిరుదము లభించినది.

ఇక పని యెట్టిదో కొంత విశదముగా చెప్పవలెను. అది తెలియనిదే యీ దంపతుల చిక్కు అర్థము కాదు. ముందుగా ముతక నూలుబట్టను గంజి పోవునట్లు ఉతుకుదురు. కరక్కాయలు నలుగగొట్టి, ఆ పొడిని గేదెపాలలో కలిపి, అందు బట్టను ముంచి పిండి యెండవేయుదురు. కరక్కాయలో వగరున్నది, పాలలో వెన్నయున్నది. వెన్న దారముల సందులలో నిలిచి, వ్రాసిన గీత నలుప్రక్కల పాకకుండ నాపును. వగరు చేయు పని వేఱు. తుప్పుపట్టిన యినుపముక్కలను, బెల్లమును కుండలో నీట నానవేసి రెండు మూడు వారములు పులియనిత్తురు. ఆ పులిసిన నీరే సిరా. దానిని ఉత్త బట్టపై వ్రాసినచో వెలవెలబోయిన గీతయే మిగులును. కరక్కాయ పట్టిన బట్టపై వ్రాసినచో చూచుచుండగనే నల్లబడును. వగరును ఇనుమును కలిసినపుడు నలుపు పుట్టును. పూర్వము మన వీధిబడులలో కరక్కాయయు అన్నభేదియు కలిపి కాచిన సిరాలో నున్న రహస్యమును ఇదియే.

కలము వెదురుపుల్లతోగాని ఈతపుల్లతోగాని చేయబడును. మొనకు కొంచెము పైన ఉన్నిని చుట్టి దారముతో బిగింతురు. ఉన్ని సిరాను పీల్చి పట్టుకొనును. వ్రేళ్లతో నొక్కినకొలది మొనకు దిగును. చింతపుల్లల బొగ్గుతో చిత్రమును గీచికొని, దానిపై నలుపు వ్రాయుదురు. ఎఱుపు కావలసిన తావుల పటికనీరు పూసి, ఆఱనిచ్చి, పాఱునీట జాడించి, మంజిష్ఠ మొదలగు వేళ్లు చెక్కలు వేసిన బానలో ఉడికింతురు. పటిక తగిలినచోట ఎఱుపు పట్టి నిలుచును, తక్కినచోట వదలిపోవును. పిమ్మట పసుపువన్నె, నీలి, ఆ రెండు కలిసిన ఆకుపచ్చ వరుసగా వచ్చును. నడుమ నడుమ ఎన్ని ఉతుకులో, ఎన్ని యెండలో!

ఈ దంపతులలో విద్య భార్యది. కన్యగా నున్నపుడు పొరుగింటి పనివారివద్ద కూర్చుండి నేర్చుకొన్నది. భర్త తపాలా ఉద్యోగి. విరమించిన పిదప రంగుబానల క్రింద మంట పెట్టుట, కరక్కాయలు కొట్టుట అతని వంతైనది. వ్రాసిన బట్టలను పెండ్లిండ్లకు కానుకలుగా నిచ్చుచుండిరి. చూచినవారు వెల యడుగగా వెల చెప్పుటకు సిగ్గుపడిరి. తుదకు చెప్పిరి. అప్పుడు తెలిసినది: నెలదినములు వ్రాసిన తెరకు తగిన మూల్యము చెప్పినచో, అంగడిలో యంత్రముపై అచ్చొత్తిన నకలు అందులో పదవవంతుకే దొరకుచున్నదని కొనువాడు మరలిపోవును. అట్లు మరలిపోయిన యొక పట్టణపు స్త్రీయే మరునాడు తిరిగివచ్చి, “అమ్మా, బట్ట వలదు, ఆ గీత నల్లబడుట నాచేత చేయించి చూపుము, దానికి రుసుము ఇచ్చెదను” అన్నదట. పనిశాలకు బీజమదియే. భర్తకు విరమణకాలమున చేతికందిన సొమ్ములో సగము రేకులపాకకును రాగిబానలకును వ్యయమైనది. కుమార్తెకు ఇది సమ్మతము కాలేదు. రోగమో రొష్టో వచ్చినచో గతియేమని ఆమె వాదము. ఆ వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదని నా యభిప్రాయము.

మొదటి తరగతి చెడినది. భర్త కరక్కాయ చరిత్రమును జాముసేపు వర్ణించెను. వచ్చినవారు కునికిపాట్లు పడిరి. (ఉపాధ్యాయవృత్తిలో నుండిన నాకు ఆ రోగము క్రొత్తది కాదు.) భార్య లేచి, మాట్లాడక తలకొక కలమును చేతికిచ్చినది. నాటినుండి మొదటి గడియలోనే కలము పట్టించుట నియమమైనది. మఱియొక చిక్కు కాలమునకు సంబంధించినది. ఒక బట్ట మొదటినుండి తుదివరకు పూర్తియగుటకు వారములు పట్టును. నేర్చుకొనవచ్చువారు రెండు దినములకంటె నిలువరు. అందుచే వారు పాలు పట్టించిన బట్టలు కొన్ని, నలుపు వ్రాసినవి కొన్ని, పటిక పూసి ఆఱినవి కొన్ని ముందుగనే సిద్ధపఱచియుంతురు. నేర్చువాడు ఒక్కొక్క దశను ఒక్కొక్క బట్టపై చేయును. తన గీతలున్న జేబురుమాలంత గుడ్డను ఇంటికి గొనిపోవును. అది చక్కనిది కాకపోయినను తనది.

లెక్కను గూర్చి ఒక మాట. ఉదాహరణకు ఎనిమిదిమంది వచ్చి తలకు రూ. 2,500 ఇచ్చిరనుకొందము. రాబడి రూ. 20,000. బట్ట, పాలు, రంగులు, కట్టెలకు 4,000, రెండు దినముల భోజనములకు 4,000, వంశపారంపర్యముగా పనిచేయు నొక నిపుణునికి 4,000, కూలికి 1,500. మిగులు 6,500. రెండు దినములకు ఇద్దరికి అనగా బాగుగనే యున్నదని తోచును. కాని బట్టలు సిద్ధపఱచుటకు మూడు దినములు, తరువాత బానలు తోముటకు ఒకటి. మొత్తము ఆఱు దినములు, ఇరువురు మనుష్యులు. దినమునకు ఒక్కొక్కరికి సుమారు రూ. 540 మాత్రమే. నలుగురే వచ్చినచో బట్టయు భోజనమును సగమగును గాని నిపుణునికిని కూలికిని ఇచ్చునది తగ్గదు. అప్పుడు మిగులు 500. పాకకు పెట్టిన సొమ్ము ఇందు చేరలేదు. తమ దినములను లెక్కింపకపోవుటయే వినోదమునకు అలవడినవారి దోషము.

నిపుణునికి ఇచ్చు నాలుగువేల వెనుక ఒక కథ గలదు. ఈ సంగతి తెలిసి ఆ వంశపు వృద్ధుడొకడు వచ్చి, “అమ్మా, మేము పదియేండ్లు గురువుకాళ్ల చెంత నేర్చినదానిని మీరు రెండు దినములలో అమ్మెదరా?” యని యడిగెను. ఆమె, “అన్నా, రెండు దినములలో ఈ విద్య రాదని వారికి తెలియుటకే నేర్పుచున్నాను. నీవు వచ్చి వారియెదుట ఒక దేవతామూర్తిని వ్రాయుము” అన్నది. అతడు వచ్చెను; నేటికిని వచ్చుచున్నాడు. నేర్చువారి గుడ్డలను శ్రీకాళహస్తి కలంకారీయని అమ్మరాదనియు మాట తీసికొనెను. ఆ పేరునకు భౌగోళిక గుర్తింపు రక్షణ యుండుటచే అది న్యాయముగూడను. దంపతులు నేర్పుటచే వృత్తి నశించునను భయమునకు పుదుచ్చేరి యొక సమాధానము. అచట 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అను అమెరికా దంపతులు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీయను కుమ్మరిశాలను నెలకొల్పి, అమ్ముటకు పాత్రలు చేయుచునే నేర్పవచ్చినవారికి నేర్పిరి. అచట నేర్చినవారు తామును ఆవములు పేర్చుకొని జీవించిరి.

మా దంపతులకు వేఱొక నష్టము కలిగినది. తరగతులు పెరిగిన పిదప ఐదునెలలు ఆమె తనకొఱకు ఒక్క గీతయైన వ్రాయలేదు. ఇది గ్రహించి, ఇప్పుడు వారమునకు రెండు దినములు తలుపు మూసి, సగములో నిలిచిన తన తెరను తాను వ్రాసికొనుచున్నది. రాబడి తగ్గినది. భర్త గొణుగుచునే మంట పెట్టుచున్నాడు.

ఇక నీటి సంగతి. పటిక పూసిన బట్టను నిలువనీట జాడించినచో, వదలిన పటిక తెల్లని తావులకు ప్రాకి, బానలో అచటను ఎఱ్ఱబడి చిత్రము చెడును. పాఱునీరైనచో వదలినది వదలినట్లు కొట్టుకొనిపోవును. బోరునీటిని తొట్టిలోనికి విడిచి ఒకప్రక్క పాఱనిచ్చువారు కలరు గాని దానికి నీరు విశేషముగా ఖర్చగును. స్వర్ణముఖి జీవనది కాదు. ఈశాన్యవర్షములలో నీరున్నను ఎండ యుండదు. పాలు పట్టిన బట్ట ఆఱక కంపు కొట్టును. వేసవిలో ఎండయున్నను ఇసుకయే మిగులును. కావున సంక్రాంతి మొదలు రెండు మూడు నెలలే వారికి పంట. ఆ నెలలలో వారమునకు ఒక ఉదయము ఏటిలో బట్టలు జాడించుటకు అనుజ్ఞ కోరి పంచాయతీకి అర్జీ పెట్టుకొనిరి. కొందఱు పెద్దలు పశువులు త్రాగు నీరు పాడగునని శంకించిరి. శంక యుక్తమైనదే. ఇట్టి అర్జీ మీ యెదుటికి వచ్చినచో మూడు సంగతు లడుగుడు: జాడించు తావు త్రాగునీటి రేవునకును పశువుల రేవునకును దిగువనున్నదా? రంగులు వేళ్లవి చెక్కలవియేనా, అంగడి రసాయనములా? ఉడికించిన బాననీరు ఎచట పోయుదురు? ఆ నీరు ఏటిలో పోయరాదు. మా దంపతులు ఇంటివెనుక గుంట త్రవ్వి అందు పోసెదమనియు, రేవునకు దిగువ రెండువందల గజముల దూరమున జాడించెదమనియు వ్రాసియిచ్చిరి. తావు చూచి వచ్చుటకు ముగ్గురు పెద్దలు నియమింపబడిరి. ఏటిలో నీరు నిలిచియుండగనే వారు చూడవలసియున్నది.