వేలంలో అమ్మేవారి ధర్మం: పసుపు కుప్ప నుంచి వెబ్ చిరునామా దాకా

ఒక సరుకుకు ఇంత అని ముందే ధర కట్టకుండా, కొనదలచినవాళ్ల పోటీలో ధర తేల్చడమే వేలం. ఆన్‌లైన్ వేలంలో ఆ పోటీ కేకలతో కాకుండా తెర మీద అంకెలతో నడుస్తుంది. కొనేవారు సరుకును ముట్టుకుని చూడకుండానే ధర వేసే వీలుంటుంది కాబట్టి, అమ్మేవారు సరుకు గురించి చెప్పే మాట మీదే బేరమంతా ఆధారపడుతుంది. నిబంధనల్లో ఎక్కువ భాగం ఆ మాటను కాపాడటానికి పుట్టినవే.

మన దేశంలో వేలానికి మూల సూత్రాలు 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్‌లో ఉన్నాయి. సుత్తి దెబ్బతోనో, వాడుకలో ఉన్న మరో పద్ధతిలోనో పాట ముగిసినట్టు ప్రకటించాకే అమ్మకం పూర్తవుతుంది. అంతవరకూ పాడినవారు తమ పాటను వెనక్కి తీసుకోవచ్చు. ఇంతకు తక్కువైతే ఇవ్వనని అమ్మేవారు కనీస ధర పెట్టుకోవచ్చు. సొంత సరుకుకు తామూ పాడతామని ముందుగా చెప్పి హక్కు ఉంచుకోవచ్చు. చెప్పకుండా తాము పాడినా, మరొకరితో పాడించినా కొన్నవారు దాన్ని మోసంగా పరిగణించవచ్చు. ధర పెంచడానికి ఉత్తుత్తి పాట పాడిస్తే అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవారికి వస్తుంది. ఈ సూత్రాలు రాసిననాటికి కంప్యూటరే లేదు. అయినా తెర మీది వేలానికి ఇవే పునాది.

తెలంగాణలోని ఆర్మూర్ రైతుకు తెర మీది వేలం పసుపుతో పరిచయమైంది. ఆర్మూర్, బాల్కొండ, మెట్‌పల్లి ప్రాంతాల పసుపులో పెద్ద భాగం నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరుతుంది. ఆర్మూర్ నుంచి అది సుమారు పాతిక కిలోమీటర్లు. ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా సరుకు తీసుకెళ్లే రైతులూ ఉన్నారు. 2016 ఏప్రిల్ 14న కేంద్రం 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్‌ను, అంటే ఈ-నామ్‌ను మొదలుపెట్టింది. ఆ మొదటి జాబితాలో నిజామాబాద్ ఉంది.

యార్డులో వరుస ఇలా ఉంటుంది. గేటు దగ్గర రైతు వివరాలు నమోదై సరుకుకు లాట్ నంబరు వస్తుంది. కుప్ప పోశాక నమూనా తీసి నాణ్యత చూస్తారు. ఖరీదుదారులు కుప్పల మధ్య తిరిగి సరుకు చూసుకుని ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఆ లాట్‌కు ధర కోట్ చేస్తారు. గడువు ముగిశాక ఎక్కువ ధర ఎవరిదో తేలుతుంది. ఆ ధర నచ్చకపోతే రైతు ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకుంటే కాంటా, తక్‌పట్టీ (అమ్మకపు చీటీ), చెల్లింపు వరుసగా జరుగుతాయి.

ఇక్కడ అమ్మేవారి ధర్మం కుప్పలోనే కనిపిస్తుంది. కొమ్ము, మండ, చూర వేర్వేరు సరుకులు, వాటి ధరలూ వేరు. అనుభవమున్న ఖరీదుదారు కొమ్మును చేతిలోకి తీసుకుని విరుస్తాడు. బాగా ఉడికి ఎండినదైతే టక్కున విరిగి గట్టి చప్పుడు చేస్తుంది. లోపల చాయ ముదురుగా, అంతటా ఒకేలా ఉంటుంది. పచ్చిదనం మిగిలినదైతే వంగుతుంది తప్ప విరగదు. అయితే అతడు విరిచేది పైన దొరికిన నాలుగు కొమ్ములే. పైన మంచి కొమ్ము పేర్చి కింద తేమ సరుకు దాచినా, కొమ్ములో మండ కలిపినా ఆ పరీక్ష అబద్ధమవుతుంది. నమూనా చూపి అమ్మినప్పుడు మొత్తం సరుకు దానికి సరిపోవాలని వస్తు విక్రయ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. చాయ కోసం రంగు వేయడం ఇంకా పెద్ద తప్పు. పసుపుకు పూసే లెడ్ క్రోమేట్‌లో సీసం ఉంటుంది, అది విషం. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం పసుపులో దాని జాడే ఉండకూడదు.

ధర్మం ఒక్క రైతుదే కాదు. ఖరీదుదారులు కుమ్మక్కై ఒకరి లాట్‌కు మరొకరు పోటీ రాకుండా చూసుకుంటే తెర ఉన్నా వేలం లేనట్టే. కాంటా దగ్గర కడ్తా పేరుతో తూకంలో కోత పెట్టినా, ధర తెగాక సరుకు బాగాలేదని తగ్గించమన్నా, రైతు ఒప్పుకున్న ధర తెర మీదే ఉండిపోతుంది తప్ప చేతికి రాదు. లెక్కల్లోకి రాని జీరో దందాలో ఇద్దరికీ ఆ పూటకు లాభం కనిపించవచ్చు. తగవు వస్తే చూపించడానికి మాత్రం కాగితం ఉండదు.

కుప్ప పోయడానికి వీలులేని సరుకులో ఈ సూత్రాలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. అలాంటి సరుకే వెబ్ చిరునామా, అంటే డొమైన్ పేరు. దీన్ని కొన్నవారు శాశ్వత యజమానులు కారు. పేర్లు నమోదు చేసే సంస్థ, అంటే రిజిస్ట్రార్ దగ్గర ఏడాదికో, గరిష్ఠంగా పదేళ్లకో నమోదు చేసుకుని రుసుము కడుతూ ఉండాలి. .కామ్ చిరునామా గడువు తీరి రద్దయితే, పాత హక్కుదారు తిరిగి తీసుకోవడానికి 30 రోజుల అవకాశం ఉంటుంది. ఆ తర్వాత మరో 5 రోజులకు పేరు పూర్తిగా విడుదలవుతుంది. మంచి పేర్లు చాలావరకు అంతదాకా రావు, ముందే వేలానికి వెళతాయి. సొంత పేర్లను వేలంలో పెట్టే అమ్మకందారులూ ఉంటారు.

వేలానికి పెట్టేవారు మొదట ఆ పేరు అమ్మే హక్కు తమకుందో లేదో చూసుకోవాలి. ‘పసుపు’ అన్న మాటగానీ ఊరి పేరుగానీ ఒకరి సొత్తు కాదు. ఒక పసుపు మిల్లు ఏళ్ల తరబడి వాడుతున్న బ్రాండు పేరు అలా కాదు. దాన్ని ముందుగా నమోదు చేసి ఆ మిల్లుకే ఎక్కువ ధరకు అమ్మజూపడం దురుద్దేశం కిందికి వస్తుంది. హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్ నెలకొల్పిన సత్యం ఇన్ఫోవే ‘సిఫీ’ అన్న పేరును కూర్చుకుంది. దానికి దగ్గరగా ‘సిఫ్ఫీనెట్’ అనే చిరునామాను మరో సంస్థ నమోదు చేసింది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ట్రేడ్‌మార్కుకు ఉండే రక్షణ డొమైన్ పేరుకూ వర్తిస్తుందని 2004 మేలో కోర్టు తీర్పు ఇచ్చింది. .ఇన్ చిరునామాల మీద తగవులను వాటిని నిర్వహించే నిక్సీ సంస్థ విధానం ప్రకారం మధ్యవర్తి తేలుస్తారు. అక్కడ ఓడితే పేరు చేజారుతుంది. వేలంలో పెట్టిన డబ్బు పోయేది కొన్నవారిదే.

రెండోది వర్ణన. ఆ చిరునామాకు రోజుకు ఎందరు వస్తున్నారో, అది గతంలో చెత్త మెయిళ్లకు వాడి నిషేధాల పాలైందో లేదో అమ్మేవారికే తెలుస్తుంది. కుప్ప కింది తేమ లాంటిదే ఇదీ. మూడోది ఉత్తుత్తి పాట. తెర మీద పాడేవారి ముఖం కనపడదు కాబట్టి ఇక్కడ దీని ప్రమాదం ఎక్కువ. అమెరికాలోని స్నాప్‌నేమ్స్ అనే వేలం సంస్థ 2009లో ఒక విషయం బయటపెట్టింది. తమ ఉద్యోగి ఒకరు ‘హల్వారెజ్’ అనే మారుపేరుతో 2005 నుంచి వేలాల్లో పాడుతూ వచ్చారన్నది దాని సారాంశం. ఆ పాటల వల్ల ఎక్కువ చెల్లించినవారికి తేడాను వడ్డీతో తిరిగి ఇస్తామని సంస్థ ప్రకటించింది. అందుకే పేరున్న వేలం వేదికలు అమ్మకందారు, సిబ్బంది పాటల్లో పాల్గొనడాన్ని నిషేధిస్తాయి.

చివరిది అప్పగింత. పాట ముగిశాక మరొకరు ఎక్కువ ఇస్తామన్నారని వెనక్కి తగ్గకూడదు. డబ్బు ముందా పేరు ముందా అన్న అనుమానం తీర్చడానికి ఎస్క్రో సేవలున్నాయి. కొన్నవారి డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంటుంది, పేరు బదిలీ అయ్యాకే అమ్మినవారికి చేరుతుంది. పేరుకు ఉన్న తాళం తీసి బదిలీ కోడ్ ఇవ్వడం అమ్మినవారి పని. కొత్తగా నమోదైన పేరును సాధారణంగా 60 రోజుల దాకా మరో రిజిస్ట్రార్‌కు మార్చలేరు కాబట్టి ఆ సంగతి పాటకు ముందే చెప్పాలి.

పసుపు అమ్మినా పేరు అమ్మినా, ఒప్పుకున్న ధర, సరుకు వర్ణన, చెల్లింపు తేదీ రాతలో ఉండాలి. యార్డులో అది తక్‌పట్టీ, డొమైన్ వేలంలో అది వేదిక పంపే అమ్మకపు మెయిల్. డబ్బు చేతికొచ్చాక కూడా రెండూ దాచుకోవాలి. తగవు వచ్చిన రోజున సాక్ష్యం చెప్పేవి అవే.