తలపై నారుమడి: కేశమార్పిడి ఎవరికి? ఎప్పుడు?

మొగుడంపల్లిలో నేను ఆయుర్వేద వైద్యం చేస్తున్నాను. పూర్వం బట్టతల గురించి వచ్చేవారు ఏ తైలం రాయాలని అడిగేవారు. ఇప్పుడు జహీరాబాదు పరిసరాల యువకులు జుట్టు నాటించుకోవచ్చునా అని అడుగుతున్నారు. ముంబయి రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు పోతే హైదరాబాదు. అక్కడ ఈ శస్త్రచికిత్స చేసే కేంద్రాలు అనేకం. బంధువుల పెళ్ళిళ్ళలో చూసినవారు అది నాటిన జుట్టని పోల్చుకోలేకపోవడమే ఈ ఆసక్తికి ముఖ్యకారణం.

ఇటీవల ఒక తల్లి తన ఇరవైమూడేళ్ళ కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. అతనికి నొసటి రెండు మూలలా జుట్టు వెనక్కు జరుగుతోంది. పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని ఆమె భయం. గాజులు కుదువబెట్టి అయినా జుట్టు నాటిద్దామనుకున్నది. "తైలంతోని వస్తదంటే అదే వాడుతం సారూ, రాదంటే రాదని చెప్పున్రి" అన్నది. ఆమెకు నేను చెప్పిన సమాధానమే ఈ వ్యాసం.

తైలం శక్తి ఎంతవరకు?

వాతంతో కూడిన పిత్తం రోమకూపాలను చేరి వెంట్రుకలను రాలుస్తుందని, పిమ్మట కఫరక్తాలు ఆ కూపాలను మూసివేయడం వల్ల కొత్త వెంట్రుక మొలవదని సుశ్రుత సంహిత చెబుతుంది. ఇంద్రలుప్తంలో జుట్టు హఠాత్తుగాను, ఖలతిలో క్రమక్రమంగాను రాలుతుందని వాగ్భటుడు భేదం చూపాడు. వంశపారంపర్యమైన బట్టతలలో డైహైడ్రోటెస్టోస్టిరోన్ అనే హార్మోను ప్రభావానికి కుదుళ్ళు ఏటేటా కుంచించుకుపోతాయని ఆధునిక వైద్యం వివరిస్తుంది.

గుంటగలగరాకు తైలంతోనో, ఉసిరిక తైలంతోనో తలను మర్దన చేసుకుంటే పొడితనం తగ్గుతుంది. ఉన్న జుట్టు తెగిపోకుండా మృదువుగా ఉంటుంది. అంతేగాని, నున్నబడిన నెత్తిమీద తైలంతో జుట్టు మొలిపిస్తానని చెప్పడం వైద్యధర్మం కాదు. నేను ఆ మాట చెప్పను.

అయితే రాలిన ప్రతి జుట్టూ బట్టతలకు దారితీయదు. టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాల తరువాత, ప్రసవం తరువాత రెండు మూడు నెలలకు జుట్టు విపరీతంగా రాలుతుంది. కారణం తొలగితే కొన్ని నెలల్లో చాలావరకు తిరిగి వస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం వల్ల కూడా రాలవచ్చు. నాణెమంత మచ్చలుగా ఊడిపోతే అది పేనుకొరుకుడు; దాని చికిత్స వేరు. వీటిని తేల్చుకోకుండా శస్త్రచికిత్సకు పోరాదు.

నాటిన జుట్టు సహజంగా కనబడడం ఎలా?

1939లో జపాన్ వైద్యుడు ఒకుడా, కాలిన గాయాల మచ్చలపై వెంట్రుకలతో కూడిన చర్మాన్ని నాటిన తన అనుభవాలను ప్రకటించాడు. బట్టతలకు ఈ పద్ధతిని 1952లో న్యూయార్కులో డాక్టర్ నార్మన్ ఓరెంట్రీచ్ ప్రయోగించాడు. తల వెనుకభాగపు వెంట్రుకలను ముందుకు తెచ్చి నాటినా అవి తమ పూర్వస్వభావాన్నే నిలుపుకుంటాయని 1959లో ఆయన వెల్లడించాడు. ఈనాటి కేశమార్పిడికి ఆధారం ఈ సూత్రమే.

ఆ రోజుల్లో ఒక్కొక్క తునక సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. అందులో పదికి పైగా వెంట్రుకలు కలిసి మొలిచి, బ్రష్షు కుచ్చుల వలె కనబడేవి. 1990ల నుండి సూక్ష్మదర్శిని సాయంతో ప్రకృతి కూర్చినట్లే ఒకటి నుండి నాలుగు వెంట్రుకల కుదుళ్ళను విడదీసి నాటసాగారు. ఇప్పుడు 1 మిల్లీమీటరు లోపు వెడల్పుగల పరికరంతో ఒక్కొక్క కుదురునే తీసే పద్ధతి వాడుకలో ఉంది. దీనివల్ల వెనుక పొడవాటి కుట్టుమచ్చ పడదు. చిన్న చుక్కల వంటి మచ్చలు మాత్రం మిగులుతాయి.

సహజత్వమంతా వైద్యుని నేర్పులో ఉంది. నొసటి అంచున ఒంటి వెంట్రుకలనే నాటాలి. రెండు మూడు వెంట్రుకల కుదుళ్ళు వాటి వెనుక రావాలి. అంచు గీత గీసినట్లు ఉండరాదు, కాస్త ఎగుడుదిగుడుగా ఉండాలి. వెంట్రుక నిటారుగా గాక ముందుకు వాలి మొలవాలి.

నారు తరగిపోతుంది

రైతు నారుమడి నుండి నారు తీసి పొలంలో నాటినట్లే ఇదీను. కాని ఈ నారుమడిలో మళ్ళీ విత్తనం చల్లలేము. వెనుక నుండి తీసిన కుదురు అక్కడ తిరిగి మొలవదు. చిన్న వయస్సులోనే నొసటిని కిందికి దించి నాటిస్తే, నాటినది నిలిచి దాని వెనుక ఉన్న సొంత జుట్టు తరువాత రాలిపోవచ్చు. అప్పుడు నడుమ ఖాళీ ఏర్పడుతుంది, దాన్ని పూడ్చడానికి నారు మిగలదు. అందుచేత రాలడం ఎంతవరకు పోతుందో తెలిసేదాకా ఆగి, చర్మవైద్యుని పర్యవేక్షణలో ఉన్న జుట్టును కాపాడుకోవడం మేలు.

జాగ్రత్తలు

ఇది చిన్న పనిగా కనిపించినా శస్త్రచికిత్సే. వర్క్‌షాపులకు హాజరైనంత మాత్రానో, యూట్యూబు చూసినంత మాత్రానో దీనికి తగిన శిక్షణ లభించినట్లు కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. కావున శస్త్రచికిత్స చేసేది ఎవరు, వారి అర్హత ఏమిటి, మత్తుమందు వికటిస్తే ఏర్పాటు ఏమిటి అని ముందే అడగండి. మధుమేహం, రక్తపోటు ఉంటే దాచవద్దు. వాడుతున్న ఆయుర్వేద మందులను కూడా తప్పక చెప్పండి.

నాటిన వెంట్రుకలు మొదటి కొన్ని వారాల్లోనే రాలిపోతాయి, కంగారు పడనక్కరలేదు. కుదురు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు మొలక కనిపిస్తుంది, పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది. వైద్యుడు అనుమతించేదాకా తైలం, ఉల్లిరసం, ఆకుల పూతలు తలకు తగలనీయరాదు. మన ఇళ్ళలో తరచు జరిగే పొరపాటు ఇదే.

ఆ యువకుణ్ణి రక్తపరీక్ష చేయించుకొని చర్మవైద్యుణ్ణి కలవమని పంపాను. కొన్నేళ్ళు ఆగి, అప్పుడు అవసరమైతే నాటించుకోవచ్చునని తల్లికి నచ్చజెప్పాను. మొన్న కనిపించినప్పుడు గాజులు ఆమె చేతికే ఉన్నాయి.